మెదడు దారుల్లో – 9: ముప్పైసార్లు గీసిన నక్షత్రం

పోయిన భాగంలో కార్ల్ లాష్లీని చేతులెత్తేసిన మనిషిగా వదిలిపెట్టాం. దశాబ్దాల తరబడి ఆయన ఎలుకల మెదళ్లలో ఒకసారి అక్కడ, ఒకసారి ఇక్కడ కోసి, వాటిని చిక్కుదారుల్లో పరిగెత్తించి, నేర్చుకున్నది ఏ మూల దాక్కుంటుందో పట్టుకోవాలని చూశాడు. దొరకలేదు. ఏ ముక్క తీసినా ఎలుకకు దారి ఎంతో కొంత గుర్తుండేది. ఎంత తీశాడన్నదాన్ని బట్టి మతిమరుపు పెరిగింది తప్ప, ఎక్కడ తీశాడన్నదాన్ని బట్టి కాదు. 1950లో తన వెతుకులాటనంతా ఒక వ్యాసంలో పెడుతూ, ఈ సాక్ష్యాలు చూస్తుంటే అసలు నేర్చుకోవడమనేదే అసాధ్యమేమో అనిపిస్తోందని తన మీద తానే జోకేసుకున్నాడు.

సరిగ్గా మూడేళ్లకు జవాబు కొస ఒకటి బయటపడింది. ఎలుకలో కాదు, మనిషిలో. అదీ వెతికినవాళ్లకు కాదు, వేరే పని మీద ఉన్న ఒక సర్జన్ చేతిలో. దాని ఖరీదు మాత్రం ఇరవయ్యేడేళ్ల కుర్రాడు కట్టాడు. అతని పేరు యాభై ఐదేళ్లపాటు లోకానికి రెండక్షరాలే: హెచ్.ఎం.

అతని దగ్గరికి వెళ్లేముందు మాంట్రియల్‌లో కాసేపు ఆగాలి. లాష్లీ శిష్యుడు డొనాల్డ్ హెబ్, హార్వర్డ్‌లో 1936లో డాక్టరేట్ పుచ్చుకుని, మరుసటి ఏడే కెనడాలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ దగ్గర చేరాడు. మూర్ఛ రోగుల మెదడులో పాడైన భాగాన్ని పెన్‌ఫీల్డ్ కోసి తీసేసేవాడు. వాళ్లకు తెలివి పరీక్షలు పెట్టడం హెబ్ పని. అక్కడ ఆయనకు మింగుడుపడని సంగతి ఎదురైంది. నుదుటి వెనక భాగమే తెలివికి పీఠమని అప్పట్లో పెద్దలందరి నమ్మకం. ఆ భాగంలో పెద్ద ముక్క పోయినా కొందరి ఐక్యూ చెక్కుచెదరలేదు.

హెబ్ దీన్ని కొట్టిపారెయ్యలేదు, నమిలాడు. పెద్దయ్యాక మనం రాసే తెలివి పరీక్ష చాలావరకు అప్పటికే కట్టి ఉన్నదాన్ని కొలుస్తుందని, కట్టడానికి కావలసినంత మెదడు నిలబెట్టుకోవడానికి అక్కర్లేదని ఆయన తేల్చుకున్నాడు. అందుకే పసితనంలో మెదడుకు తగిలిన దెబ్బ, పెద్దయ్యాక తగిలిన దెబ్బ కన్నా తెలివిని ఎక్కువగా పాడుచేస్తుందన్నాడు. 1949లో వచ్చిన ఆయన పుస్తకం ఇంకో అడుగు వేసింది. రెండు నాడీకణాలు పదే పదే కలిసి పనిచేస్తే వాటి మధ్య బంధం బలపడుతుందని, నేర్చుకోవడమంటే ఆ బలపడటమేనని. అప్పటికది ఊహే. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో ముందు ముందు పని పడుతుంది.

ఆ పుస్తకం ఇంకా రాతప్రతిగా ఉండగానే చదివినవాళ్లలో హెబ్ విద్యార్థిని బ్రెండా మిల్నర్ ఒకరు. 1918లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పుట్టి, కేంబ్రిడ్జిలో గణితంతో మొదలుపెట్టి మనస్తత్వశాస్త్రానికి మళ్లి, 1944లో మాంట్రియల్ చేరిన మనిషి. హెబ్ ఆమెను 1950లో పెన్‌ఫీల్డ్ దగ్గరికి పంపాడు. గురువు పాత కుర్చీలోనే శిష్యురాలు కూర్చుందన్నమాట.

ఆ కుర్చీలో ఆమెకు వింత రోగులు ఇద్దరు తగిలారు. కణత వెనక, చెవి లోపలివైపున ఉండే టెంపొరల్ లోబ్‌ను ఒక పక్క మాత్రమే తీయించుకున్నవాళ్లు. వాళ్లలో ఒకతను ఇంజనీరు. ఆపరేషన్ తర్వాత లెక్క తప్పలేదు, మాట తడబడలేదు, ఐక్యూ పడిపోలేదు. కానీ జరిగింది జరిగినట్టే మరిచిపోతున్నాడు. ఒక పక్క తీస్తే ఇలా ఎందుకవుతుంది? ఇలాంటి ఆపరేషన్ చేయించుకున్న మిగతావాళ్లు బాగానే ఉన్నారు కదా? పెన్‌ఫీల్డ్, మిల్నర్ ఒక ఊహ చేశారు. ఈ ఇద్దరికీ రెండో పక్క భాగం ఎవరికీ తెలియకుండా ముందే పాడై ఉండాలి. మంచి పక్కను సర్జన్ తీసేశాడు, చెడిన పక్క మిగిలింది. ఆ ఇంజనీరు పోయాక శవపరీక్షలో అదే నిజమని తేలింది, కానీ దానికింకా చాలా ఏళ్లు పట్టింది.

ఈ ఇద్దరి సంగతి 1955లో షికాగోలో జరగబోయే నాడీవైద్యుల సభ కోసం రాసి పంపితే, దాని సారాంశం కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో విలియం స్కోవిల్ అనే సర్జన్ కంటబడింది. పెన్‌ఫీల్డ్‌కు ఫోన్ చేశాడు. నా దగ్గరా ఇలాంటివాడు ఉన్నాడు, కాకపోతే నేను రెండు పక్కలా తీసేశాను అన్నది ఆ కబురు సారం.

స్కోవిల్ తన కాలానికి తగ్గ మనిషి. మతి చెడినవాళ్లకు మెదడు కోస్తే నయమవుతుందన్న నమ్మకం వైద్యంలో ఊపుమీదున్న రోజులవి. లోబోటమీని కనిపెట్టిన పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్‌కు 1949లో నోబెల్ కూడా ఇచ్చేశారు. స్కోవిల్ అప్పటికే కొందరు మానసిక రోగులకు టెంపొరల్ లోబ్‌ల లోపలి భాగాన్ని రెండు పక్కలా తీసేశాడు. అదే పనిని మూర్ఛకు వాడి చూద్దామనిపించింది. ఆ అనిపించడానికి దొరికినవాడు హెన్రీ మొలైసన్.

హెన్రీ 1926లో పుట్టాడు, ఆ ఊరి పేరు కూడా మాంచెస్టరే, కాకపోతే కనెక్టికట్‌ది. పదేళ్ల వయసు నుంచి చిన్న చిన్న ఫిట్స్. పదిహేనో పుట్టినరోజున అమ్మానాన్నలతో కారులో పోతుండగా మొదటిసారి పెద్దది వచ్చింది. బడిలో పిల్లలు ఏడిపించేవారు, మధ్యలో చదువు ఆగింది, హైస్కూలు గట్టెక్కేసరికి ఇరవై ఒకటి వచ్చాయి. మందులు ఎంత పెంచినా లాభం లేక, ఇరవయ్యేడేళ్లకు పని చేసుకోవడమే కష్టమైపోయింది. 1953లో స్కోవిల్ అతని కనుబొమ్మల పైన పుర్రెకు రెండు రంధ్రాలు పెట్టి, చర్మానికి మాత్రమే మత్తిచ్చి, మనిషి మెలకువగా ఉండగానే, రెండు పక్కలా టెంపొరల్ లోబ్ లోపలి భాగంలో ఉండే హిప్పోకాంపస్‌నూ దాని చుట్టుపక్కల భాగాన్నీ గొట్టంతో పీల్చేశాడు. ఫిట్స్ ఎక్కణ్నుంచి మొదలవుతున్నాయో ఈఈజీలో తేలనేలేదు. ఇది ప్రయోగమేనని స్కోవిల్ తర్వాత రాసిన వ్యాసంలో దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం మంచిదే. మెలకువగా బల్లమీద పడుకున్న కుర్రాడికి ఆ మాట అప్పుడు ఎంతవరకు అర్థమయ్యేలా చెప్పారన్నదే అసలు ప్రశ్న.

ఫిట్స్ బాగా తగ్గాయి. ఆ మేరకు ఆపరేషన్ సఫలమే. కానీ హెన్రీకి ఆసుపత్రిలో స్నానాల గదికి దారి తెలియడం లేదు. నర్సులు రోజూ కొత్తవాళ్లే. తనకెంతో ఇష్టమైన మామయ్య మూడేళ్ల కిందట పోయాడన్న సంగతే గుర్తు లేదు. చిన్ననాటి సంగతులు మాత్రం భేషుగ్గా చెబుతున్నాడు.

1955 ఏప్రిల్లో మిల్నర్ రాత్రి రైలెక్కి హార్ట్‌ఫర్డ్ వచ్చింది. తేదీ అడిగితే 1953 మార్చి అన్నాడు, వయసు ఇరవయ్యేడన్నాడు. ఇక పరీక్షలు. ఐక్యూ 112 వచ్చింది. ఆపరేషన్‌కు ముందు 104. అంటే తగ్గలేదు సరికదా, పెరిగింది. ఫిట్స్ తగ్గడంతో బుర్ర తేరుకుని ఉండాలి. అదే మనిషికి జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే 67. మామూలు మనిషికి అక్కడ రావలసింది 100.

ఈ రెండంకెల దగ్గర కాస్త నిలబడదాం. ఈ ధారావాహిక నాలుగో భాగంలో ఆల్‌ఫ్రెడ్ బినే 1905లో పారిస్ బడుల కోసం తొలి తెలివి పరీక్ష తయారు చేసిన కథ చెప్పుకున్నాం. బడిలో చదువు ఒంటబట్టని పిల్లల్ని గుర్తుపట్టి, వాళ్లకు వేరే సాయం అందించడానికి పుట్టిన పరీక్ష అది. అంటే నేర్చుకోగలరా లేదా అన్నదే దాని ప్రశ్న. ఇక్కడ యాభై ఏళ్ల తర్వాత అదే వంశానికి చెందిన పరీక్షలో సగటును మించిన మార్కులు తెచ్చుకున్న మనిషి, పొద్దున తనతో మాట్లాడిన డాక్టరమ్మ పేరు మధ్యాహ్నానికి నేర్చుకోలేడు. ఆ పరీక్ష తప్పని కాదు. అది కొలిచేదేదో కొలుస్తోంది. కాకపోతే ఆ కొలిచేది నేర్చుకునే శక్తి కాదని ఇంత నిర్దాక్షిణ్యంగా అంతకుముందు ఎవరూ చూపించలేదు. జ్ఞాపకశక్తి బాగున్న పిల్లాణ్ని తెలివైనవాడనీ, తెలివైనవాడికి ఏదైనా ఇట్టే వస్తుందనీ మన ఇళ్లల్లో మూడింటినీ ఒకే మూటగా కట్టేస్తాం. హెన్రీ దగ్గర ఆ మూట విడిపోయింది.

ఆయన మతిమరుపు ఎలాంటిదో చూడాలంటే 584 కథ వినాలి. మిల్నర్ ఈ అంకె గుర్తుపెట్టుకోమని చెప్పి, పావుగంట ఒంటరిగా వదిలేసి వచ్చి అడిగింది. టక్కున చెప్పాడు! ఎలాగయ్యా అంటే తన కిటుకు వివరించాడు. మూడంకెలూ కూడితే పదిహేడు, అందులో ఎనిమిది తీసేస్తే తొమ్మిది, తొమ్మిదిని రెండు చేస్తే అయిదూ నాలుగూ, మధ్యలో ఎనిమిది. ఆ పావుగంటా అతను ఇదే లోపల తిప్పుకుంటూ కూర్చున్నాడు. మతి లేనివాడికి తట్టే కిటుకు కాదది. ఒక నిమిషం మాట మళ్లించి మళ్లీ అడిగితే అంకె లేదు, కిటుకు లేదు, అసలు తనకెవరో అంకె చెప్పారన్న ధ్యాసే లేదు. మనసులో పట్టుకుని ఉన్నంతసేపే ఉండేది ఒకటి, వదిలేసినా నిలిచేది మరొకటి. ఈ రెండింటినీ మెదడు వేర్వేరు చోట్ల చూసుకుంటుందన్నమాట.

స్కోవిల్, మిల్నర్ కలిసి రాసిన వ్యాసం 1957లో వచ్చింది. నాడీశాస్త్రంలో ఇంతగా ఉటంకించబడిన వ్యాసాలు అరుదు. నాకు మాత్రం అందులో అంకెల కన్నా హెన్రీ వాళ్లమ్మ చెప్పిన ఒక చిన్న సంగతే పట్టుకుంటుంది. మావాడు పెరట్లో గడ్డి చక్కగా కోస్తాడు, కానీ ఆ గడ్డి మిషన్ ఎక్కడుందో ప్రతిసారీ నేను చెప్పాల్సిందే, నిన్న వాడినా సరే, అని ఆవిడ చెప్పినట్టు రాశారు. కొత్తింటికి మారి పది నెలలైనా అడ్రసు అడిగితే పాతదే చెప్పేవాడట. మిషన్ నడపడం ఒక విద్య, అది ఉన్న చోటు ఒక సమాచారం. ఒకటి మిగిలింది, ఒకటి నిలవడం లేదు. ఆ తల్లి విసుగులో దాగి ఉన్న తేడా శాస్త్రానికి తెలియడానికి ఒక అద్దం కావలసి వచ్చింది.

ఆ అద్దం పరీక్ష ఇది. కాగితం మీద అయిదు కొనల నక్షత్రం, గీత లోపల గీతగా రెండు వరసల్లో. ఆ రెండు గీతల మధ్య సన్నటి సందులో పెన్సిల్‌తో నక్షత్రం చుట్టూ గీసుకుంటూ రావాలి. చిక్కేమిటంటే చెయ్యీ కాగితమూ నేరుగా కనబడకుండా అడ్డు పెడతారు, ఎదురుగా అద్దంలో మాత్రమే చూడాలి. కావాలంటే ఇంట్లో చేసి చూడండి. మూల దగ్గరికి రాగానే పెన్సిల్ మనం అనుకున్న దిక్కు వదిలేసి ఎదురు దిక్కుకు పోతుంది. లాగితే ఇంకా గతి తప్పుతుంది. పిల్లలు పకపకా నవ్వుతారు, పెద్దలకు చిరాకొస్తుంది. గీత దాటిన ప్రతిసారీ ఒక తప్పు.

హెన్రీ చేత రోజుకు పదిసార్ల చొప్పున మూడు రోజులు గీయించారు. మొదటి రోజు అందరిలాగే తంటాలు పడ్డాడు, చివరికొచ్చేసరికి తప్పులు తగ్గాయి. రెండో రోజు పొద్దున మిల్నర్ మళ్లీ మొదట్నుంచీ చెప్పాల్సి వచ్చింది. ఈ నక్షత్రాన్ని అతను ఎప్పుడూ చూడలేదు మరి! కానీ చెయ్యి మాత్రం నిన్న ఆపిన చోట అందుకుంది. మూడో రోజు దాదాపు తప్పుల్లేవు. ఇది కష్టమనుకున్నాను, తేలిగ్గానే వచ్చేసిందే అని అతను ఆశ్చర్యపోయాడు. తన చేతికి అది ముప్పయ్యోసారి అని అతనికి తెలియదు.

1962లో మిల్నర్ ఇది ప్రకటించినప్పుడు కూడా, ఇదేదో కండరాల వరకే, చేతిపనుల వరకే అని చాలామంది అనుకున్నారు. 1980లో నీల్ కోహెన్, లారీ స్క్వైర్ మరో మెట్టెక్కారు. మతిమరుపు రోగులు కొందరికి అద్దంలో తిరగబడ్డ అక్షరాలు చదవడం నేర్పితే, వాళ్లు మామూలువాళ్లతో సమానంగా నేర్చుకున్నారు, ఆ నైపుణ్యం మూడు నెలల తర్వాత కూడా నిలిచింది. చదివిన మాటలు మాత్రం గుర్తులేవు. చదవడం కండరాల పని కాదు కదా. అప్పట్నుంచి నేర్చుకోవడాన్ని కనీసం రెండుగా చూడటం ఖాయమైంది. ఫలానాది అని తెలియడం హిప్పోకాంపస్ మీదుగా నడుస్తుంది. ఎలా చెయ్యాలో రావడం మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా, వెనకనున్న సెరిబెల్లం వంటి వేరే దారుల్లో నడుస్తుంది. మొదటిది ఒక్కసారి వింటే కూడా పట్టుబడవచ్చు, మరిచిపోవడమూ అంతే తొందర. రెండోది మెల్లగా, తప్పులు చేస్తూ, పదే పదే చేస్తేనే వస్తుంది, వచ్చాక మాటల్లో చెప్పమంటే రాదు. ఈత గురించి పుస్తకం చదివి బావిలో దూకినవాడి గతి మనకు తెలిసిందే. తమాషా ఏమిటంటే మన పరీక్ష హాళ్లలో చాలావరకు తూకం మొదటిదానికే.

ఇక లాష్లీ ప్రశ్నకొద్దాం. హిప్పోకాంపస్సే జ్ఞాపకాల గిడ్డంగా? కాదు. అదే అయితే హెన్రీకి చిన్నతనం ఎలా గుర్తుంటుంది? పోయింది ముఖ్యంగా ఆపరేషన్ తర్వాతవీ, దానికి ముందు కొన్నేళ్లవీ. కొత్తగా పోసిన సిమెంటు తడారేదాకా చెక్కల ఆసరా కావాలి, గట్టిపడ్డాక చెక్కలు తీసేసినా కప్పు నిలుస్తుంది. హిప్పోకాంపస్ అలాంటి ఆసరా అన్నది ఈ కేసు నుంచి పుట్టిన వివరణ. గట్టిపడిన జ్ఞాపకం మెదడు పైపొర అంతటా పరుచుకుని ఉంటుంది. అందుకే లాష్లీకి ఏ ఒక్క చోటా దొరకలేదు. ఓడిపోయాడనుకున్న ముసలాయన సగం గెలిచినట్టే. గట్టిపడటానికి ఎంతకాలం పడుతుంది, అన్ని రకాల జ్ఞాపకాలూ అలా ఆసరా విడిపించుకుంటాయా అన్నదాని మీద వాదాలు ఇవాళ్టికీ తెగలేదు.

తెలివి మిగిలి సమాచారం ఆగిపోతే మనిషి ఎలా ఉంటాడో తర్వాతి పరీక్షలు చూపించాయి. 1953 తర్వాత ఇంగ్లీషులోకి వచ్చిన మాటలకు అర్థం చెప్పమన్నారు. సాఫ్ట్‌వేర్ అంటే మెత్తని ఖరీదైన బట్టలన్నాడు (హైదరాబాద్ పాఠకులు నవ్వుకోవచ్చు). ఒళ్లు తగ్గించుకోవడానికి పోయే ఫ్యాట్ ఫామ్ అంటే పాల డెయిరీ అన్నాడు. జవాబులు తప్పే, కానీ చూడండి, ఒక్కటీ పిచ్చి జవాబు కాదు. తెలిసిన ముక్కల్ని పెట్టి తెలియనిదాన్ని కట్టుకున్నాడు. ఇలా అప్పటికే కట్టి ఉన్నదాన్నే హెబ్ ఐక్యూలో చూసింది.

మిల్నర్ తర్వాత హెన్రీ బాధ్యత ఆమె విద్యార్థిని సూజన్ కార్కిన్ చేతికొచ్చింది. లాష్లీ, హెబ్, మిల్నర్, కార్కిన్. గురుశిష్య పరంపర అంటే ఇదే. హార్ట్‌ఫర్డ్‌లో కార్కిన్ పుట్టింటికి ఎదురిల్లు స్కోవిల్‌ది కావడం కాకతాళీయం. దాదాపు అర్ధశతాబ్దం ఆమె అతణ్ని పరీక్షించింది, ప్రతిసారీ తనను తాను పరిచయం చేసుకుని. 1997లో ఎమ్మారై ఫలితాలు ప్రకటించేసరికి స్కోవిల్ లెక్క తప్పని తేలింది. ఎనిమిది సెంటీమీటర్ల లోతు తీశానన్నాడు గాని, పోయింది సుమారు అయిదు. హిప్పోకాంపస్ వెనక సగం ఎండిపోయి అక్కడే ఉంది. నలభై ఏళ్ల పాఠ్యపుస్తకాలు సర్జన్ మాటనే నమ్మాయి.

2008 డిసెంబరు 2న, ఎనభై రెండేళ్ల వయసులో హెన్రీ పోయాడు. అప్పుడు లోకానికి పూర్తి పేరు తెలిసింది. మరుసటి ఏడు శాన్‌డియేగోలో అతని మెదడును గడ్డకట్టించి 53 గంటలపాటు కోసి 2,401 పలుచటి పొరలు చేశారు, ఇంటర్నెట్‌లో అందరూ చూస్తుండగా. ఇక సమ్మతి సంగతి. నిన్నటిది గుర్తులేని మనిషి ఇవాళ పెట్టిన సంతకానికి విలువెంత? స్కోవిల్ మనవడు, పాత్రికేయుడు ల్యూక్ డిట్రిచ్, 2016లో రాసిన పుస్తకంలో తాతనే కాదు, కార్కిన్‌నూ నిలదీశాడు. కార్కిన్ సహచరులు గట్టిగా తిప్పికొట్టారు. హెన్రీ మాత్రం తన వల్ల ఇంకొకరికి మేలు జరిగితే చాలని అంటుండేవాడని ఆమె రాసింది. ఆ మాట నిజమే కావచ్చు, అయినా ప్రశ్న అక్కడితో పోదు.

ఒక్క మనిషి మెదడు మీద ఇంత మేడ కట్టవచ్చా అన్న అనుమానం రావలసిందే. వచ్చింది కూడా. 1997లో లండన్ పరిశోధకురాలు ఫరానే వర్ఘా-ఖాదెం బృందం ముగ్గుర్ని చూపించింది. చిన్నతనంలోనే హిప్పోకాంపస్ రెండు పక్కలా దెబ్బతిన్నవాళ్లు. పొద్దున ఏం జరిగిందో సాయంత్రానికి చెప్పలేరు. అయినా మామూలు బడికే వెళ్లారు, మాట్లాడటం, చదవడం, రాయడం నేర్చుకున్నారు, లోకజ్ఞానం తోటి పిల్లలకు మరీ దూరంగా లేదు. హెన్రీకి రానిది వాళ్లకెలా వచ్చింది? చిన్నప్పటి మెదడు వేరే దారి వెతుక్కుందా, లేక పాఠం నిలవడానికీ సంఘటన నిలవడానికీ చోట్లే వేరా? పరిశోధకులు రెండు వైపులా ఉన్నారు. నా మొగ్గు రెండోదాని వైపు, అయితే పందెం కాసేంత ధైర్యం లేదు.

ఈలోగా 1957కే వెనక్కి వెళ్లాలి. మిల్నర్ వ్యాసం వెలువడిన ఆ ఏడే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఎరిక్ కాండెల్ అనే యువ డాక్టరు పనిలో చేరాడు. జ్ఞాపకం హిప్పోకాంపస్‌లో తయారవుతోందంటే అక్కడి కణాల్లో ఏదో ప్రత్యేకత ఉండాలనుకుని, ఆల్డెన్ స్పెన్సర్‌తో కలిసి పిల్లుల మెదడులో సూదంటి ఎలక్ట్రోడ్లు దించాడు. ఆ కణాలు మెదడులో మిగతా కణాల్లాగే ఉన్నాయి. కిటుకు కణంలో లేకపోతే కణాల మధ్య బంధాల్లో ఉండాలి, హెబ్ చెప్పినట్టు. కానీ పిల్లి మెదడులో కోట్ల కణాల మధ్య ఒక్క బంధం మారడాన్ని కంటితో చూడటం ఆ రోజుల్లో జరగని పని. అందుకని ఆయన ఇరవై వేల కణాలే ఉన్న, కొన్ని కణాలు మామూలు కంటికే కనబడేంత పెద్దవిగా ఉన్న ఒక సముద్రపు నత్తను ఎంచుకున్నాడు. నత్తకు ఏం నేర్పుతావని పెద్దలు నవ్వారు. ఏం నేర్పాడో, 2000లో ఆయనకు నోబెల్ ఎందుకొచ్చిందో వచ్చే భాగంలో.